మెయిల్ పోలేదు, మీకు కనిపించే తీరు మారింది

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు. పిల్లలు చదువులకని బయటికి వెళ్లాక, చాలా ఏళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగంలో చేరాను. మిర్చి ఎగుమతి చేసే ఆఫీసు. బిల్లులు, షిప్పింగ్ కాగితాలు చూసుకోవడం నా పని. ఫోన్లో జీమెయిల్ వాడటం అలవాటే. ఇక్కడ మాత్రం కంప్యూటర్లో ఔట్‌లుక్ పెట్టి ఇచ్చారు. తెరిస్తే చాలు, ఎటు చూసినా బటన్లే. సిస్టమ్స్ చూసే అబ్బాయి వచ్చి చకచకా నాలుగు నొక్కి చూపించి వెళ్లిపోయాడు, నాకు ఒక్కటీ బుర్రకెక్కలేదు. ఒకరోజు మెయిల్ తెరుచుకునే కుడివైపు భాగం మాయమైంది. ఇంకోరోజు పొద్దున చదివిన మెయిల్ మధ్యాహ్నానికి కనిపించలేదు. పైన ‘ఫోకస్డ్’ అని ఉన్నదే మొత్తం ఇన్‌బాక్స్ అనుకున్నాను. మేనేజర్ గారు పంపిన మెయిల్ పక్కనున్న ‘అదర్’లో పడిందట. చూసుకోలేదు, మాట పడ్డాను. ఏది నొక్కితే ఏం పోతుందోనని ఇప్పుడు చెయ్యే ఆడటం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. (పేరు రాయవద్దన్న పాఠకురాలు)

సమాధానం: అమ్మా, మీరు మూడు సంఘటనలు రాశారు. మూడింట్లోనూ ఒక్క మెయిల్ కూడా పోయినట్టు లేదు. కుడివైపు భాగం మాయమైనప్పుడు మెయిళ్లన్నీ జాబితాలో అలాగే ఉన్నాయి. పొద్దున చదివిన మెయిల్ దాదాపు ఖాయంగా అదే ఖాతాలో ఇంకోచోట ఉంది. మేనేజర్ గారి మెయిల్ వేళకే వచ్చి పక్క ట్యాబ్‌లో కూర్చుంది. అందుకే అన్నిటికన్నా ముందు ఈ ఒక్క మాట పట్టుకోండి. మెయిళ్లు వేరు, వాటిని చూపించే విండో వేరు. విండోని ఎంత అటూ ఇటూ చేసినా, ఎన్ని భాగాలు మూసినా తెరిచినా, మెయిల్‌కి ఏమీ కాదు.

మీకు ధైర్యం చెప్పే ఇంకో సంగతి మీ ఉత్తరంలోనే ఉంది. ‘ఫోకస్డ్’, ‘అదర్’ అనే ట్యాబ్‌లు మైక్రోసాఫ్ట్ 365, ఎక్స్ఛేంజ్, ఔట్‌లుక్ డాట్ కామ్ లాంటి ఖాతాలకే వస్తాయి. అంటే మీ ఆఫీసు మెయిళ్లు సర్వర్‌లో ఉన్నాయి. మీ టేబుల్ మీద ఉన్న కంప్యూటర్ రేపు పాడైనా, ఇంకో కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి మీ ఐడీ, పాస్‌వర్డ్‌లతో లోపలికి వెళ్తే అవే మెయిళ్లు కనిపిస్తాయి. మీరు జాగ్రత్తపడాల్సిన బటన్లు చాలా కొద్ది. మిగతావన్నీ నొక్కి చూడవచ్చు.

ఆ కొద్దివీ ఇప్పుడే చెప్పేస్తాను. మెయిల్ మీద ఉండి డిలీట్ నొక్కితే అది ‘డిలీటెడ్ ఐటెమ్స్’ ఫోల్డర్‌లోకి వెళ్తుంది. అక్కడి నుంచి లాగి మళ్లీ ఇన్‌బాక్స్‌లో వేసుకోవచ్చు. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కితే ఆ ఫోల్డర్‌లోకి కూడా వెళ్లదు. నేరుగా పోతుంది. అప్పుడు కూడా పైనున్న బటన్ల వరసలో ‘ఫోల్డర్’ ట్యాబ్‌లో ‘రికవర్ డిలీటెడ్ ఐటెమ్స్’ అని ఒకటి ఉంటుంది, దాన్నుంచి వెనక్కి తెచ్చుకునే గడువు మైక్రోసాఫ్ట్ 365లో మామూలుగా 14 రోజులు. ఆఫీసువాళ్లు కావాలనుకుంటే 30 రోజుల దాకా పెంచుకోవచ్చు. మూడోది బ్యాక్‌స్పేస్. జాబితాలో ఒక మెయిల్ ఎంచుకుని ఉండగా బ్యాక్‌స్పేస్ తగిలితే ఆ మెయిల్ ‘ఆర్కైవ్’ ఫోల్డర్‌లోకి వెళ్లిపోతుంది, పెద్దగా చప్పుడు కూడా చెయ్యదు. మీ పొద్దుటి మెయిల్ మాయం కావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. నాలుగోది మౌస్ జారడం. మెయిల్ మీద నొక్కిపట్టి అటు కదిపితే ఎడమవైపు ఏ ఫోల్డర్ మీద వదిలితే దాంట్లో పడుతుంది. ఇక చివరిది ‘సెండ్’. అన్నిటిలోకీ పెద్దది అదే. పంపాక వెనక్కి పిలిచే ‘రీకాల్’ సౌకర్యం మీ సంస్థ లోపలివాళ్లకి పంపిన మెయిళ్లకే పనిచేస్తుంది. విదేశంలో ఉన్న కొనుగోలుదారుకి వెళ్లిన మెయిల్ వెళ్లినట్టే.

పొరపాటున ఏదైనా కదిలిందని అనిపిస్తే వేరే ఏదీ ముట్టుకోకుండా వెంటనే కంట్రోల్+జెడ్ నొక్కండి. ఇప్పుడే జరిగిన తొలగింపు, జరపడం లాంటివి చాలావరకు వెనక్కి వస్తాయి.

ఇక విండో సంగతి. పైనున్న బటన్ల వరసని ప్రస్తుతానికి వదిలేయండి. కొత్తవాళ్లు అక్కడే మొదలుపెట్టి బెదిరిపోతారు. దాని కింద ఉన్న మూడు నిలువు భాగాలే అసలు పనిస్థలం. మీ ఆఫీసులో బీరువా, దాంట్లో ఫైలు, ఫైల్లో కాగితం ఎలాగో ఇవీ అలాగే. ఎడమవైపు ఫోల్డర్లు, నడుమ ఆ ఫోల్డర్‌లో ఉన్న మెయిళ్ల జాబితా, కుడివైపు మీరు ఎంచుకున్న మెయిల్ లోపలి మాటలు. ఎడమవైపు మీరు దేన్ని నొక్కారన్న దాన్నిబట్టి నడుమ జాబితా మారుతుంది, నడుమ దేన్ని నొక్కారన్న దాన్నిబట్టి కుడివైపు మారుతుంది. అందుకని కావలసింది కనిపించకపోతే ఎడమ నుంచి కుడికి ఈ వరసలోనే వెతుక్కుంటూ రండి.

ఎడమ భాగంలో అందరినీ తికమక పెట్టేది ఒకటుంది. పైన ‘ఫేవరెట్స్’ కింద ఒక ఇన్‌బాక్స్, కాస్త దిగువన మీ మెయిల్ ఐడీ కింద ఇంకో ఇన్‌బాక్స్ కనిపిస్తాయి. రెండూ ఒకటే. తరచూ వాడే ఫోల్డర్‌కి పైన ఇంకో దారి పెట్టారంతే. ఫేవరెట్స్‌లో ఉన్నదాన్ని వద్దనుకుంటే రైట్ క్లిక్ చేసి ‘రిమూవ్ ఫ్రమ్ ఫేవరెట్స్’ అనండి, అసలు ఫోల్డర్‌కి ఏమీ కాదు. అదే మెనూలో ‘డిలీట్ ఫోల్డర్’ అని కూడా ఉండవచ్చు, దాని జోలికి వెళ్లకండి.

ఎగుమతి ఆఫీసుల్లో తరచూ సొంత మెయిల్‌తో పాటు అందరికీ ఉమ్మడిగా ఒక మెయిల్‌బాక్స్ కూడా ఉంటుంది, షిప్పింగ్ ఏజెంట్లు, బ్యాంకువాళ్లు దానికే రాస్తుంటారు. మీకూ అలాంటిది ఇచ్చి ఉంటే అది ఎడమవైపు ఇంకా కిందకి, వేరే పేరుతో, దాని సొంత ఇన్‌బాక్స్‌తో ఉంటుంది. పేరు పక్కన చిన్న బాణం గుర్తు నొక్కితే తెరుచుకుంటుంది, మళ్లీ నొక్కితే మూసుకుంటుంది. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకి అప్పగించినట్టు ఇచ్చే కాగితం) వచ్చిందని అందరూ అంటుంటే మీకు కనిపించలేదంటే, మీరున్నది మీ సొంత ఇన్‌బాక్స్‌లోనా ఉమ్మడి దాంట్లోనా అని ముందు చూసుకోండి.

ఇన్‌బాక్స్ పక్కన ఉన్న అంకె చదవని మెయిళ్ల లెక్క, ‘డ్రాఫ్ట్స్’ పక్కన ఉన్న అంకె మాత్రం సగంలో వదిలేసినవి మొత్తం ఎన్ని ఉన్నాయన్న లెక్క. డ్రాఫ్ట్స్ దగ్గర అంకె కనిపిస్తే సాయంత్రం ఇంటికి వెళ్లేముందు ఒకసారి తెరిచి చూడండి. పంపాననుకున్న మెయిల్ అక్కడ దొరకడం మామూలే. ‘ఔట్‌బాక్స్’ కూడా అంతే, ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. దాంట్లో ఏదైనా నిలిచిపోయిందంటే అది ఇంకా గడప దాటలేదన్నమాట. ఔట్‌బాక్స్‌లో ఉన్న మెయిల్‌ని తెరిచి చూసి ఊరికే మూసేస్తే అది అక్కడే ఆగిపోతుంది, మళ్లీ ‘సెండ్’ నొక్కాల్సిందే.

నడుమ భాగం గురించి తీరిగ్గా చెప్పాలి. నా దగ్గరకి వచ్చే ‘మెయిల్ పోయింది’ అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే.

మొదట మీ మేనేజర్ గారి మెయిల్ సంగతి. ఇన్‌బాక్స్‌కి వచ్చినవాటిని ఔట్‌లుక్ తనకు తోచినట్టు రెండుగా విడదీస్తుంది. మీకు ముఖ్యమనుకున్నవి ఫోకస్డ్‌లో, మిగతావి అదర్‌లో. మీరు ఎవరితో ఎక్కువ మాట్లాడుతున్నారో చూసి నేర్చుకుంటూ పోతుంది. మీరు కొత్తగా చేరారు, కాబట్టి మీకెవరు ముఖ్యమో దానికి ఇంకా తెలియదు. అందులో మీ తప్పేమీ లేదు. ఆఫీసు పనికి ఈ విభజన అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. వచ్చింది వచ్చినట్టు ఒకే వరసలో కనిపించాలి. పైన బటన్ల వరసలోని ‘వ్యూ’ ట్యాబ్‌కి వెళ్లి ‘షో ఫోకస్డ్ ఇన్‌బాక్స్’ అన్నదాన్ని ఒకసారి నొక్కండి, రెండు ట్యాబ్‌లూ కలిసిపోతాయి. వాటి స్థానంలో ‘ఆల్’, ‘అన్‌రీడ్’ అని వస్తాయి. అప్పుడు ‘ఆల్’ మీదే ఉండండి. ‘అన్‌రీడ్’ మీద ఉంటే చదవనివి మాత్రమే కనిపిస్తాయి, చదివి పక్కకి వెళ్లిన మెయిల్ జాబితాలోంచి తప్పుకుంటుంది. ఆఫీసులో ఫోకస్డ్‌ని ఉంచమంటే, అదర్‌లో దొరికిన మేనేజర్ గారి మెయిల్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఆల్వేస్ మూవ్ టు ఫోకస్డ్’ అనండి. ఇకమీద ఆయన మెయిళ్లు ఇటే వస్తాయి.

పొద్దున చదివిన మెయిల్ మధ్యాహ్నానికి కనిపించకపోవడానికి బ్యాక్‌స్పేస్, మౌస్ జారడం కాక ఇంకో మూడు కారణాలున్నాయి. జాబితా నెత్తిన ‘బై డేట్’ అని, దాని దగ్గర బాణం గుర్తు ఉంటాయి. ఆ బాణం మీద చెయ్యి పడితే వరస తలకిందులవుతుంది. పాతవి పైకి వస్తాయి, ఇవాళ్టివి అట్టడుగుకి పోతాయి. చూసేవాళ్లకి కొత్త మెయిళ్లు రావడమే ఆగిపోయినట్టు ఉంటుంది. మళ్లీ అదే బాణం నొక్కితే సరి. ‘బై డేట్’కి బదులు ‘ఫ్రమ్’ అనో ‘సైజ్’ అనో ఉంటే తేదీ వరస పోయి పేర్ల వరసో సైజు వరసో వచ్చిందన్నమాట, దాన్నే నొక్కి ‘డేట్’ ఎంచుకోండి.

రెండో కారణం, ఒకే విషయం మీద నడిచిన మెయిళ్లన్నిటినీ ఒక గుత్తిగా కట్టే ‘షో యాజ్ కాన్వర్జేషన్స్’. ఇది పెట్టి ఉంటే, పొద్దున మీరు చదివిన మెయిల్‌కి ఎవరో మధ్యాహ్నం జవాబు రాయగానే గుత్తి మొత్తం పైకి జరిగి, మీ పొద్దుటి మెయిల్ దాని లోపలికి వెళ్లిపోతుంది. ఎడమ చివర చిన్న త్రికోణం నొక్కితే గుత్తి విడుతుంది. అలవాటైనవాళ్లకి ఇది హాయిగా ఉంటుంది గానీ మొదట్లో మీకు వద్దు. వ్యూ ట్యాబ్‌లో దాని టిక్ తీసేయండి. ఈ ఫోల్డర్‌కేనా, మెయిల్‌బాక్స్‌లన్నిటికీనా అని అడుగుతుంది, ‘ఆల్ మెయిల్‌బాక్సెస్’ అనండి.

మూడోది ఫిల్టర్. అటాచ్‌మెంట్ ఉన్నవే చూపించు, జెండా పెట్టినవే చూపించు అని ఎప్పుడో ఒకసారి అడిగి మరిచిపోతాం. దీన్ని కనిపెట్టడానికి విండో అట్టడుగున ఉన్న సన్నటి పట్టీని చూడండి. దాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ నాకు ఈ విండో మొత్తంలో అన్నిటికన్నా నమ్మకమైన చోటు అదే. ఎడమ మూల ఎన్ని మెయిళ్లు ఉన్నాయో, ఎన్ని చదవలేదో చెబుతుంది. ఫిల్టర్ ఉంటే ‘ఫిల్టర్ అప్లైడ్’ అని రాసి చూపిస్తుంది. కుడివైపు సర్వర్‌తో సంబంధం ఉందా లేదా చెబుతుంది. ‘కనెక్టెడ్ టు: మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్’ అని ఉంటే అంతా సవ్యం. ‘డిస్‌కనెక్టెడ్’ అని ఉంటే ఇంటర్నెట్టో సర్వరో అందటం లేదు. ‘వర్కింగ్ ఆఫ్‌లైన్’ అని ఉంటే మాత్రం ఎవరో ‘సెండ్/రిసీవ్’ ట్యాబ్‌లో ‘వర్క్ ఆఫ్‌లైన్’ బటన్ నొక్కారన్నమాట. అది ఉన్నంతసేపూ కొత్త మెయిళ్లు రావు, మీరు పంపినవి ఔట్‌బాక్స్ దాటవు. అదే బటన్ మళ్లీ నొక్కితే దారి తెరుచుకుంటుంది. సిస్టమ్స్ అబ్బాయిని పిలిచేముందు ఈ పట్టీలో ఏముందో చదివి చెప్పగలిగితే అతని పని కూడా సగానికి తగ్గుతుంది.

ఇవన్నీ చూసినా జాబితా దారికి రాకపోతే వ్యూ ట్యాబ్‌లో ‘రీసెట్ వ్యూ’ ఉంది. ఆ ఫోల్డర్ జాబితాని మొదట ఎలా ఉండేదో అలా చేసేస్తుంది. మెయిల్ ఒక్కటీ చెరగదు, భయం లేకుండా వాడుకోండి.

కుడివైపు భాగాన్ని ‘రీడింగ్ పేన్’ అంటారు. అది మాయమైనప్పుడు నడుమ జాబితా సాగిపోయి విండో అంతా పరుచుకుంటుంది, ఒక్కో మెయిల్ ఒక్కో వరసగా, ఫ్రమ్, సబ్జెక్ట్, రిసీవ్డ్, సైజ్ అని గడులు గడులుగా కనిపిస్తుంది. మీరు చూసింది ఇదే అయి ఉంటుంది. వ్యూ ట్యాబ్‌లో ‘లేఅవుట్’ దగ్గర ‘రీడింగ్ పేన్’ నొక్కి ‘రైట్’ అంటే తిరిగి వస్తుంది. ‘బాటమ్’ అంటే కిందికి వస్తుంది, చిన్న తెరల మీద కొందరికి అదే నచ్చుతుంది. ఎడమవైపు ఫోల్డర్ల భాగం సన్నగా ముడుచుకుపోతే అక్కడే ‘ఫోల్డర్ పేన్’ దగ్గర ‘నార్మల్’ అనండి. మొత్తం విండోయే మారిపోయి మెయిళ్ల బదులు తేదీల గడులు కనిపిస్తే క్యాలెండర్లోకి వెళ్లారన్నమాట. కంట్రోల్+1 మెయిల్‌కి తెస్తుంది, కంట్రోల్+2 క్యాలెండర్‌కి తీసుకెళ్తుంది. మీకు పాత వీడియోల్లో ఈ మెయిల్, క్యాలెండర్ గుర్తులు అడుగున కనిపిస్తాయి. ఇటీవలి ఔట్‌లుక్‌లో అవి ఎడమ అంచుకి జరిగాయి, మీ తెర మీద వేరేగా ఉందని కంగారుపడకండి.

రీడింగ్ పేన్ ఉండగా ఒకసారి క్లిక్ చేస్తే చాలు, మెయిల్ అక్కడే కనిపిస్తుంది. డబుల్ క్లిక్ చేస్తే వేరే విండోలో తెరుచుకుంటుంది, దాని మూలనున్న ఇంటూ గుర్తుతో మూసేయాలి. మీరు మూసేది ఆ చిన్న విండోనా పెద్దదా అని చూసుకోండి. పెద్దది మూస్తే ఔట్‌లుకే ఆగిపోతుంది, మీటింగ్ గుర్తుచేసే గంటలు కూడా మోగవు. రోజంతా దాన్ని తెరిచే ఉంచి, అడ్డమనిపిస్తే కిందికి దించండి.

జాబితాలో ఒక మెయిల్ నుంచి ఇంకోదానికి వెళ్లగానే ముందుది ‘చదివినట్టు’ లెక్కలోకి పోతుంది. పైపైన చూసి, తర్వాత తీరిగ్గా చేద్దామనుకున్నవి ఇలాగే మరుగున పడతాయి. దానిమీద కంట్రోల్+యూ నొక్కితే మళ్లీ చదవనిదిగా మారుతుంది. అంతకన్నా మంచిది, మెయిల్ కుడి చివర కనిపించే జెండా గుర్తు నొక్కడం. ఫైటోసానిటరీ సర్టిఫికెట్ (సరుకుకి చీడపీడలు లేవని ఇచ్చే పత్రం) ఫలానా రోజులోగా పంపాలి అన్న మెయిల్ అనుకోండి, జెండా మీద రైట్ క్లిక్ చేసి ‘టుమారో’ అనో తేదీయో ఇచ్చుకోవచ్చు. పని అయ్యాక ఇంకోసారి నొక్కితే టిక్ పడుతుంది.

‘రిప్లై’ నొక్కితే జవాబు రాసే చోటు అదే కుడి భాగంలో తెరుచుకుంటుంది, ఇది చాలామందికి ఇరుకుగా ఉంటుంది. పైన ‘పాప్ అవుట్’ నొక్కితే పెద్ద విండో అవుతుంది. సగం రాసి ఇంకో మెయిల్ మీద క్లిక్ చేసినా మీ రాత పోదు, డ్రాఫ్ట్‌గా ఉంటుంది, జాబితాలో ఆ మెయిల్ దగ్గర ‘డ్రాఫ్ట్’ అని కనిపిస్తుంది. ‘రిప్లై ఆల్’ నొక్కేముందు పేర్లన్నీ ఒకసారి చదవండి. కొనుగోలుదారు ఉన్న మెయిల్‌లో మన లోపలి ధరలు పోయిన సందర్భాలు ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి. కొత్త మెయిల్‌లో ‘టు’ దగ్గర రెండక్షరాలు కొట్టగానే ఔట్‌లుక్ పాత పేర్లు చూపిస్తుంది. ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే తప్పుది ఎంచుకోవడం చాలా తేలిక. పేరు ఎంచుకున్నాక పూర్తి అడ్రస్ కూడా చదివాకే ముందుకు వెళ్లండి. నా పద్ధతి ఏమిటంటే, ముఖ్యమైన మెయిల్ అయితే ముందు విషయమంతా రాసి, అటాచ్‌మెంట్ పెట్టి, ‘టు’లో అడ్రస్ చివర రాస్తాను. అడ్రస్ లేని మెయిల్ పొరపాటున కూడా వెళ్లదు.

పైన సెర్చ్ పెట్టె ఉంది. కంట్రోల్+ఈ నొక్కితే కర్సర్ అక్కడికి వెళ్తుంది. ఎక్సెల్ అలవాటుతో కంట్రోల్+ఎఫ్ నొక్కకండి, ఔట్‌లుక్‌లో అది మెయిల్‌ని ఫార్వర్డ్ చెయ్యడానికి తెరుస్తుంది. కనిపించని మెయిల్ కోసం పంపినవారి పేరో, ఇన్‌వాయిస్ నంబరో కొట్టండి. పక్కన ఎక్కడ వెతకాలో ఎంచుకునే చోటుంటుంది. ఇన్‌బాక్స్‌లో ఉండి వెతికితే మామూలుగా మెయిల్‌బాక్స్ అంతా చూస్తుంది, ఇంకో ఫోల్డర్‌లో ఉండి వెతికితే ఆ ఒక్క ఫోల్డర్‌నే చూస్తుంది. అందుకని దొరకకపోతే దాన్ని ‘కరెంట్ మెయిల్‌బాక్స్’ అని మార్చి ఇంకోసారి చూడండి. దొరికిన మెయిల్ దగ్గర ఏ ఫోల్డర్‌లో ఉందో పేరు కూడా కనిపిస్తుంది. మీ పొద్దుటి మెయిల్‌ని ఇలాగే పట్టుకోవచ్చు. పని అయ్యాక సెర్చ్ పెట్టెలో ఇంటూ గుర్తు నొక్కి బయటికి రావడం మరవకండి. లేదంటే వెతికిన ఫలితాలే ముందుంటాయి, మిగతా మెయిళ్లు పోయాయని మళ్లీ గుండె గుభేల్‌మంటుంది.

ఇంతవరకూ పక్కన పెట్టిన పైబటన్ల వరసని ‘రిబ్బన్’ అంటారు. ఔట్‌లుక్ ప్రధాన విండోలోకి అది 2010 వెర్షన్‌తో వచ్చింది. మీకు రోజూ కావలసినవి ‘హోమ్’ ట్యాబ్‌లోనే ఉన్నాయి. కొత్త మెయిల్, డిలీట్, రిప్లై, రిప్లై ఆల్, ఫార్వర్డ్. మిగతావి అవసరమైనప్పుడు వాటంతట అవే తెలుస్తాయి. వరసంతా మాయమై ట్యాబ్ పేర్లు మాత్రమే మిగిలితే కంట్రోల్+ఎఫ్1 నొక్కండి, తిరిగొస్తుంది.

మీ పనికి సంబంధించి ఒక హెచ్చరిక చెయ్యకుండా ఉండలేను. ఎగుమతి, దిగుమతి చేసేవాళ్లని మోసగాళ్లు ప్రత్యేకంగా గురిపెడతారు. ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు ఈ కొత్త ఖాతాకి పంపండి’ అని తెలిసిన కంపెనీ పేరుతో మెయిల్ వస్తుంది. రీడింగ్ పేన్ పైభాగంలో కనిపించే పేరుని ఎవరైనా ఎలాగైనా పెట్టుకోవచ్చు, దాన్ని నమ్మకండి. ఆ పేరు మీదికి మౌస్ తీసుకెళ్తే అసలు మెయిల్ అడ్రస్ కనిపిస్తుంది. కంపెనీ పేరులో ఒక్క అక్షరం తేడాగా ఉండటం మోసగాళ్లకి అలవాటు. అడ్రస్ సరిగ్గానే ఉన్నా సరే, ఖాతా మార్పు అన్నప్పుడు ఆ మెయిల్‌కి జవాబు రాసి నిర్ధారించుకోకండి. వాళ్ల మెయిలే ఇంకొకరి చేతికి చిక్కి ఉండవచ్చు. మీ దగ్గర ముందునుంచీ ఉన్న ఫోన్ నంబరుకి ఫోన్ చేసి అడగండి, మేనేజర్ గారికి చెప్పండి. పొరపాటున డబ్బు వెళ్లిపోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, బ్యాంకుకి కూడా చెప్పాలి. తెలియనివారి మెయిల్‌లో బొమ్మలు రాకుండా ఔట్‌లుక్ ఆపి, పైన పసుపు పట్టీలోనో మరోచోటో డౌన్‌లోడ్ చేయమంటారా అని అడుగుతుంది. అది విండో చెడిపోవడం కాదు, మీ భద్రత కోసమే. తెలిసినవారిది కాకపోతే అలాగే వదిలేయండి.

ఇక ఎలా అలవాటు చేసుకోవాలి అంటారా? మీకు మీరే ఒక మెయిల్ పంపుకోండి. సబ్జెక్ట్‌లో ‘పరీక్ష’ అని పెట్టండి. తెలుగులో కొట్టవచ్చు, విండోస్‌లో తెలుగు కీబోర్డ్ చేర్చుకున్నాక విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కితే భాష మారుతుంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డ్ 2019 నుంచి విండోస్ 10లోనే ఉంది. ఎడమవైపు ఇన్‌బాక్స్ మీద రైట్ క్లిక్ చేసి ‘న్యూ ఫోల్డర్’ అని, దానికి కూడా తెలుగు పేరే పెట్టుకోండి. ఇప్పుడు ఆ పరీక్ష మెయిల్‌తో మీరు భయపడేవన్నీ చెయ్యండి. కొత్త ఫోల్డర్‌లోకి లాగండి, కంట్రోల్+జెడ్‌తో వెనక్కి తెండి. బ్యాక్‌స్పేస్ నొక్కి ఆర్కైవ్‌లో వెతికి పట్టుకోండి. డిలీట్ చేసి డిలీటెడ్ ఐటెమ్స్ నుంచి తిరిగి తెచ్చుకోండి. షిఫ్ట్+డిలీట్ చేసి రికవర్ చేసి చూడండి. రీడింగ్ పేన్ మీరే మూసి, మీరే తెరవండి. వరస మీరే తిరగేసి, మీరే సరిచెయ్యండి. ఒక్క భోజన విరామం చాలు. సిస్టమ్స్ అబ్బాయి చకచకా చూపించింది ఎక్కకపోవడానికి కారణం మౌస్ అతని చేతిలో ఉండటమే. ఈసారి వస్తే కుర్చీలో మీరే కూర్చుని, మౌస్ మీరే పట్టుకుని, అతన్ని నోటితో చెప్పమనండి. నెమ్మదిగా చెప్పు బాబూ అంటే కాదనడు.

మీ విండోలో కుడివైపు పైమూల ‘ట్రై ద న్యూ ఔట్‌లుక్’ అని ఒక స్విచ్ కనిపించవచ్చు. ఇప్పుడు ఔట్‌లుక్‌లు రెండున్నాయి. నేను పైన చెప్పినవన్నీ పాతదానికి, అంటే క్లాసిక్‌కి సంబంధించినవి. కొత్తది 2024 ఆగస్టులో అందరికీ విడుదలైంది, దాంట్లో బటన్ల చోట్లు వేరు, కీబోర్డ్ అలవాట్లు కొన్ని వేరు. క్లాసిక్‌ని కనీసం 2029 దాకా కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది కాబట్టి మీరు నేర్చుకున్నది వృథా కాదు. క్లాసిక్‌లో పనిచేసే పాతరకం యాడ్-ఇన్‌లు (ఔట్‌లుక్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు) కొత్తదాంట్లో నడవవు. మీ ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఏదైనా వాటి మీద ఆధారపడి ఉంటే ఇబ్బంది. అందుకని కుతూహలం కొద్దీ ఆ స్విచ్ వెయ్యకండి, ముందు అడగండి. ఇప్పటికే వేసేసి ఉంటే అదే స్విచ్‌తో వెనక్కి రావచ్చు.

ఆ అబ్బాయి దగ్గర ఇంకో రెండు సంగతులు కనుక్కోండి. మీ ఆఫీసులో డిలీటెడ్ ఐటెమ్స్‌ని కొన్నాళ్లకి వాటంతట అవే ఖాళీ అయ్యేలా పెట్టారా అన్నది ఒకటి. పెట్టి ఉంటే ఆ ఫోల్డర్‌ని పాత మెయిళ్ల గోదాముగా వాడుకోకూడదు. ఉమ్మడి మెయిల్‌బాక్స్ మీకు ఇచ్చి ఉంటే, దానికి వచ్చిన మెయిల్‌కి జవాబు రాసేటప్పుడు ‘ఫ్రమ్’ దగ్గర ఏ అడ్రస్ ఉండాలన్నది రెండోది. మీ సొంత పేరుతో వెళ్తే దానికి వచ్చే జవాబు మీ ఒక్కరికే చేరుతుంది, మీరు సెలవులో ఉన్న రోజున ఆ కాగితం ఎవరికీ కనిపించదు.